రొయ్యపిల్లకున్న పరీక్ష నీరుల్లికి లేదా?

విశాఖపట్టణమున పెద్దజాలరిపేట సందులలో, ఉదయపువేళ పడవలు ఒడ్డుచేరి వేలము ముగిసి, ఇసుకమీద పరచిన పాతవలలపై నెత్తళ్ళు ఎండకు మెరయుచున్న సమయమున, ఇంటి గుమ్మమునొద్ద కత్తిపీట ముందిడుకొని పులుసునకు ఉల్లిపాయలు తరుగుచున్న యొక ముదుసలి, ఆ దారిని పోవుచున్న నన్ను పిలిచి, చేతిలోని పాయను పైకెత్తి చూపి, "ఏటి బాబూ, ఈయేడు ఉల్లిపాయలు గోలీకాయల్లాగున్నాయి! ఏటైపోనాదేటి ఆ పంటకి?" అని యడిగెను. ముప్పదియేండ్లు కళాశాలలో వృక్షశాస్త్రము చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను గనుక పేటలోనివారు చెట్టుచేమల సంగతి నన్నే యడుగుదురు; ఆ దినమున మాత్రము నాకు సమాధానము తోచలేదు. గడ్డ చిన్నదగుటకు నీరు చాలకపోవుట కారణము కావచ్చును, ధరకు భయపడి రైతు ముందుగా పెరికివైచుట కారణము కావచ్చును, ఆకుకు వచ్చిన తెగులు కారణము కావచ్చును. ఆకు ఎండిన పైరునకు గడ్డ ఊరదు. అయితే ఆ ఆకు దేనివలన నెండినది? ఆ ప్రశ్న పట్టుకొని, గత ఖరీఫులో బంధువుల యింటికి కర్నూలు పోయినప్పుడు, కోడుమూరు వైపు రెండుమూడు పొలములు తిరిగి చూచి వచ్చితిని.

ఈ గడ్డకు మన భాషలో పేర్లకు కొదవలేదు. కోస్తావారికిది ఉల్లిపాయ, తెలంగాణమున ఉల్లిగడ్డ, సీమలో పెక్కుచోట్ల ఎర్రగడ్డ, వైద్యగ్రంథములకు నీరుల్లి. ఒక్క వస్తువునకు నాలుగు పేర్లుంచుకొన్న మనము, దాని ఆకుమీద వచ్చు పదిరకముల వ్యాధులకు మాత్రము "తెగులు" అను నొక్క పేరుతోనే సరిపెట్టుకొన్నాము. నేను చూచిన యొక చేనిలో ఆకులు కొననుండి క్రిందికి గడ్డిరంగుకు తిరిగి వాలిపోయియున్నవి. ఏమి చేసితివని యడుగగా ఆ రైతు, "మందులంగడాయన ఇచ్చినాడు సార్, మూడుతూర్లు కొడితిమి. యా తెగులో ఎవురికి తెలుసు?" అనెను. అంగడివాడు తనకు తోచిన శిలీంధ్రనాశిని నొకదానిని, పురుగుమందు నొకదానిని, బలము మందని మరియొకదానిని ఒకే డబ్బాలో కలిపి కొట్టుమని చెప్పినాడట. ఏదో యొకటి తగులకపోవునా యని వాని యూహ. నేను అంగడివానిని నిందింపను. పొలము చూడక, ఆకు ముట్టక, నోటిమాటగా విన్న లక్షణములనుబట్టి మందీయవలసిన నిర్బంధము వానిది. వైద్యుడు లేని యూరిలో మందులషాపువాడే వైద్యుడగుట మనుష్యులకును జరుగుచున్న సంగతియే. కాని డబ్బాలోని మూడు మందులలో రెండు వ్యర్థమైనను, మూడును వ్యర్థమైనను, వెల చెల్లించినవాడు రైతు. ఆ వెల చెల్లించిన చేతికి తిరిగి వచ్చునదేమో 2025వ సంవత్సరమున కర్నూలు మార్కెట్టుయార్డు చూపినది: ధర పడిపోయి, క్వింటాలు 1,200 రూపాయలకు ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసివచ్చెను.

పొలములో నిలుచుండి ఆకును చూచినంతమాత్రమున రోగనిర్ణయము చేయవచ్చునని తలంచుట యెంత ప్రమాదమో, ఉల్లి ఆకు మనకు బోధించినంతగా మరియే ఆకును బోధింపదు. తామరపురుగులు గీకి రసము పీల్చినచోట ఆకు వెండిపూత పూసినట్లు తెల్లబారును. ముసురుపట్టిన దినములలో ఆల్టర్నేరియా యను శిలీంధ్రము పట్టినచో కోలగానున్న మచ్చ మొదట తెల్లగా నుండి, నడుమ ఊదారంగు తిరిగి, వలయములు వలయములుగా వ్యాపించును. ఊదామచ్చ తెగులనునది యిదియే. స్టెంఫీలియమను మరియొక శిలీంధ్రము దానికి తోబుట్టువువలె కనబడును. ఆకు మెలితిరిగి మెడ సాగుట వేరొక శిలీంధ్రముల గుంపు పని. కలుపుమందు గాలికి కొట్టుకొనివచ్చి పడినను మచ్చ, వడగండ్లు పడినను మచ్చ, నేలలో ఉప్పు హెచ్చైనను కొన ఎండుట. వీని నడుమ, కదురువలె రెండు కొనలు సన్నగిలి నడుమ వెడల్పైన, ఎండుగడ్డి రంగుగల, ఒక్కొక్కప్పుడు మధ్యలో చిన్న పచ్చనిదీవి మిగిలిన మచ్చ కనబడినచో, అది ఐరిస్ ఎల్లో స్పాట్ వైరస్ కావచ్చునని శాస్త్రజ్ఞులు అనుమానింతురు. అనుమానింతురు, అంతియే, ముదిరిన మచ్చపై ఊదామచ్చ శిలీంధ్రము వచ్చి కూర్చుండిన పిమ్మట ఆ కదురు ఆకారము కూడ మాసిపోవును గనుక, అనుభవముగల కన్నును అచ్చట మోసపోవును.

ఈ వైరసు చరిత్ర పొట్టిది. హాలెండు దేశమున ఐరిస్ పూలమొక్కమీద దీనిని గుర్తించి 1998లో వర్ణించిరి, పేరు అచ్చటనుండి వచ్చినది. ఉల్లిని పట్టి పీడించినప్పుడును ఆ పూలపేరే నిలిచినది. మన దేశమున మహారాష్ట్రములోని జాల్నా, నాసిక్ ప్రాంతముల ఉల్లిచేలలో దీని యునికిని నిర్ధారించి 2006లో ప్రకటించిరి. దీనిని మోసుకొనిపోవునది తామరపురుగు. ఉల్లి రైతు ప్రతిదినము ఆకుల గుబలో చూచుచుండు, ఇంచుమించు మిల్లీమీటరు పొడవుండు ఆ పసుపుపచ్చని పురుగే. చిత్రమేమనగా, పిల్లదశలో రోగపుమొక్కను తిన్న పురుగు మాత్రమే వైరసును లోనికి గ్రహించి, రెక్కలు వచ్చిన పిమ్మట జీవితాంతము దానిని పంచిపెట్టుచుండును. పెద్దదైన పిమ్మట రోగపు ఆకును ఎంత తిన్నను దానివలన అపాయము లేదు. కావున ఏ చేనిలో ఉల్లి తరువాత ఉల్లి ఎడతెగక యుండునో, ఏ గట్టున క్రిందటి పంటలో మిగిలిన గడ్డలు తమంత మొలకెత్తి యుండునో, అచ్చట పురుగు పుట్టుటయు వైరసు పట్టుటయు ఒక్కచోటనే జరుగుచుండును. మచ్చ కనబడిన పిమ్మట పెద్దపురుగులను చంపుటకు మందు చల్లుట, దొంగ సొమ్ము దాటించిన పిదప గడియ వేయుట. ఇక శిలీంధ్రనాశిని యందురా, వైరసునకు దానితో పనియే లేదు.

మరియొక సంగతి. ఈ వైరసు విత్తనముద్వారా రాదు. పంట చెడినప్పుడెల్ల రైతు విత్తనమమ్మినవానిపై తగవునకు పోవుట, వాడు వాతావరణమును నిందించుట మన మండలములలో ఏటేట జరుగు తంతు. రోగము పేరు తేలినచో ఆ తగవులలో సగము తేలును. విత్తనమువాని తప్పున్నచోట తప్పించుకొనుటకు వానికి దారియుండదు, లేనిచోట నిష్కారణముగా వాని అంగడిపై దాడియుండదు. పసుపుచారలు సాగి ఆకు చదునై ముడుతలుపడి వాలిపోవునట్టి ఉల్లి పొట్టితెగులు, అనగా ఆనియన్ ఎల్లో డ్వార్ఫ్ వైరస్, దీనికి పూర్తిగా వేరు జాతి; అమెరికాలో అయోవా రాష్ట్రపు రైతుల చేలలో దానిని గుర్తించి 1929లో ప్రకటించిరి. దానిని మోయునది పేనుబంక. వెల్లుల్లి రేకలలో దాగి అది తరతరములకు సాగివచ్చును. ఆ రోగమునకు జాగ్రత్త వెల్లుల్లి విత్తనమునొద్ద మొదలిడవలెను, ఈ రోగమునకు మిగులుగడ్డలయొద్ద. పేరు మారినచో చేయవలసిన పని సమూలముగా మారునని చెప్పుటకే యింత చెప్పితిని.

ఇది పుస్తకపు మాట కాదు. మన సీమ రైతే దీనికి మూల్యము చెల్లించియున్నాడు. 2000వ సంవత్సరము ఖరీఫులో అనంతపురము జిల్లాయందు వేరుసెనగ పైరు మొవ్వులు మాడి, కాండములు నల్లబారి, ఇంచుమించు 2,25,000 హెక్టార్లలో దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలు మించినదని లెక్క వేసిరి. చూచినవారెల్లరు అది యెప్పటినుండియో యెరిగిన మొవ్వకుళ్ళు తెగులే యనుకొనిరి. అనుకొనుటకు కారణము లేకపోలేదు, లక్షణములట్లే యున్నవి. అయితే పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ ప్రయోగశాలలో ఆ మొక్కలను పరీక్షించినప్పుడు మొవ్వకుళ్ళు వైరసునకు సంబంధించిన పరీక్షలో ఏమియు తేలక, టొబాకో స్ట్రీక్ వైరసునకు సంబంధించిన పరీక్షలో రోగము బయటపడెను. కాండపుకుళ్ళు తెగులని మనవారు దానికి పేరిడిరి. ఆ వైరసు నిలువయుండునది గట్లమీద పెరుగు వయ్యారిభామ మొక్కలో. ఆ మొక్క చూచుటకు నిక్షేపముగా నుండును, దాని పుప్పొడియందు రోగముండును, ఆ పుప్పొడి ఒంటికంటుకొన్న తామరపురుగులు పైరుమీద వ్రాలి గీకినచోటనుండి రోగము లోనికి పోవును. అందుచేత చికిత్స చేనిలో కాక గట్టుమీద నుండెను: పూతకు రాకముందే వయ్యారిభామను పెరికివేయుట, చేనిచుట్టు జొన్న వరుసలు దట్టముగా వేసి గాలిలో వచ్చు పురుగు నడ్డుట. మొవ్వకుళ్ళు అనుకొని చేసిన మందులన్నియు ఆ గట్టును ముట్టనేలేదు.

మొవ్వకుళ్ళు కథ కూడ ఇట్టిదే. దానిని చాలకాలము టొమాటోకు వచ్చు మరియొక విదేశపు వైరసని భావించిరి, ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు డి.వి.ఆర్. రెడ్డిగారును వారి సహచరులును పటాన్‌చెరువులో కృషిచేసి అది వేరని 1992లో నిరూపించిరి. దానిని మోయు తామరపురుగు జాతి విషయమునను మొదట ఒకదానిని నిందించి, తరువాత మరియొకదానిని పట్టుకొనిరి. శాస్త్రజ్ఞులే రెండుమారులు పేరు మార్చుకొనవలసివచ్చినచోట, అంగడి బల్లవెనుక నిలిచినవాడు ఒక్క చూపులో చెప్పగలడని నమ్ముట మన అమాయికత్వము.

ఇప్పుడు తిరిగి జాలరిపేటకు వత్తును. ఆ ముదుసలి కుమారుడు ఒకప్పుడు మరపడవపై పోయి, బ్రతికియున్న పెద్ద టైగరు రొయ్యను వలలోనుండి జాగ్రత్తగా తీసి నీటితొట్టెలో నుంచి తెచ్చెడివాడు. అది కూరకు కాదు, హేచరీకి. గ్రుడ్లు పెట్టగల తల్లిరొయ్యకు విశాఖ రేవులో అప్పుడు బంగారపు వెల. 1994-95లో తెల్లమచ్చ వైరసు వచ్చి నెల్లూరునుండి గోదావరులవరకు చెరువులను ఖాళీచేసి, అప్పులు మిగిల్చి పోయినది. ఆ దెబ్బ తగిలిన పిమ్మట ఈ తీరమువారు నేర్చినదేమనగా, తల్లిరొయ్య కాలితునక నొకదానిని కత్తిరించి, ఆమీదట కంటిరెప్పవెండ్రుకవంటి పిల్లలను గుప్పెడు తీసి, పి.సి.ఆర్. పరీక్షకు పంపి, వైరసు లేదన్న కాగితము చేతికి వచ్చినగాని పిల్లను చెరువులో వదలకుండుట. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చినప్పుడు, విదేశపు తల్లిరొయ్యలను చెన్నైలోని క్వారంటైను కేంద్రములో నిలిపి పరీక్షించిన పిదపనే హేచరీలకిచ్చు కట్టుబాటు చేసిరి. భీమునిపట్టణము దారిలో సముద్రపుటొడ్డున వరుసగా నున్న హేచరీలలో పనిచేయు, పదవ తరగతి దాటని కుఱ్ఱవాడు సహితము "పి.సి.ఆర్. అయిన పిల్లేనా?" యని యడుగును. రోగములు పూర్తిగా పోయినవని నేననను. తెల్లమచ్చ నేటికిని వచ్చుచున్నది, క్రొత్తవి దానికి తోడైనవి, కాగితము చెప్పినమాట చెరువు వినని సందర్భములును కలవు. అయినను పరీక్షింపక పిల్లను వదలుట అవివేకమను భావము ఆ వృత్తిలో నాటుకొన్నది. మన దేశమున ప్రతి వంటింట ప్రతిదినము తెగు నీరుల్లికి మాత్రము ఆ గౌరవము దక్కలేదు. కారణము సుస్పష్టము: రొయ్య డాలర్లు తెచ్చును, అమెరికావాడు వెనుకకు పంపునను భయమున్నది. ఉల్లిని వెనుకకు పంపువాడెవ్వడు? గోలీకాయంత యున్నను మా పేటలోని ముదుసలి తరిగి పులుసులో వేయును.

పరీక్ష దుర్లభమందురా, కాదు. 1977లో ఇంగ్లండున క్లార్క్, ఆడమ్స్ అనువారు ఎలైసా యను పద్ధతిని మొక్కల వైరసులకు అన్వయించిరి; ఆకురసములోని వైరసును దానికి విరుద్ధమైన ప్రతిదేహములు పట్టుకొనును, పట్టుకొన్నచోట రంగు మారును. ఆ రంగు తెచ్చు రసాయనము ఖరీదైనదై మన ప్రయోగశాలలకు భారముకాగా, 1989లో పటాన్‌చెరువునుండి ఎం.ఆర్. సుదర్శన, డి.వి.ఆర్. రెడ్డి గారలు దానికి బదులు పెన్సిలిన్‌ను విరుచు ఎంజైమును వాడు పద్ధతిని ప్రకటించిరి. మందులషాపులో దొరకు పెన్సిలిన్, ఒకింత నీలిరంగు. వైరసున్న గుంటలో నీలము పసుపగును. పేదదేశపు ప్రయోగశాలకు తగిన బుద్ధికుశలత అనగా నిదియేగదా యని నాకు ఇప్పటికిని ఒడలు పులకించును. ఇప్పుడు గర్భనిర్ధారణ పట్టీవంటి పట్టీలు వచ్చినవి. ఆకు నలిపి ద్రవములో కలిపి ముంచినచో కొన్ని నిమిషములలో గీత తేలును. 2000వ సంవత్సరమున జపానులో కనిపెట్టిన లాంప్ పద్ధతికి 60-65 డిగ్రీల వేడి ఒక్కటి నిలిపియుంచగల పెట్టె చాలును. పి.సి.ఆర్. యంత్రమునకు రొయ్యయని ఉల్లియని భేదము లేదు. రొయ్య తెల్లమచ్చ వైరసుది డి.ఎన్.ఏ., ఉల్లి వైరసుది ఆర్.ఎన్.ఏ. గనుక మొదట నొక మెట్టు అదనముగా ఎక్కవలయును. ఆ మెట్టెక్కించు ఆర్.టి.-పి.సి.ఆర్. యంత్రములను 2020లో కరోనా వేళ జిల్లాజిల్లాకును తెచ్చియుంటిమి. అవి ఇప్పుడేమి చేయుచున్నవో అడుగదగిన ప్రశ్న.

నియోజకవర్గములలో 2021నుండి నెలకొల్పిన వ్యవసాయ పరీక్షాకేంద్రములు విత్తనమును, ఎరువును, పురుగుమందును పరీక్షించుటకు ఏర్పడినవి. మందు కల్తీయా కాదా యని చెప్పుటకు ఏర్పాటున్నది. ఆ మందు ఈ రోగమునకు పనికివచ్చునా యని చెప్పుటకు లేదు. తలుపుగడియ మంచిదో కాదో చూచి, ఇల్లు ఎచ్చటనున్నదో అడుగనట్లున్నది ఈ వ్యవహారము. గ్రామమున రైతుసేవాకేంద్రమున్నది, అందు చదువుకొన్న సహాయకుడున్నాడు, వెంకటరామన్నగూడెమున ఉద్యానవిశ్వవిద్యాలయమున్నది, పూణె చెంత రాజగురునగరమున ఉల్లి వెల్లుల్లులకే కేంద్రప్రభుత్వపు పరిశోధనాసంస్థ యున్నది, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున వైరసుల శాస్త్రమునకే ప్రత్యేకశాఖ యున్నది. కర్నూలు ఉల్లిమండలములలో ఖరీఫు నారుమళ్ళ వేళనుండి కోతవరకు వారమునకొకమారు నమూనాలు పుచ్చుకొనునట్లు వీరినందరిని ఒక త్రాటిపై తెచ్చుటకు క్రొత్త భవనములు అక్కరలేదు, ప్రారంభోత్సవముల శిలాఫలకములు అసలే అక్కరలేదు. పట్టీలు కొనుటకు, నమూనా చేరవేయుటకు కొంత ద్రవ్యము, ఫలితమును మూడునాళ్ళలో రైతు ఫోనుకు చేర్చు బాధ్యత యొకరిపై నుంచుటయు కావలయును.

వైరసునకు మందే లేనప్పుడు దాని పేరు తెలిసి ప్రయోజనమేమని మిత్రుడొకడు నన్నడిగెను. మందు లేదని తెలియుటయే మొదటి ప్రయోజనము. నాలుగవ డబ్బా కొనకుండుటకు అంతకన్న మంచి సలహా లేదు. వైరసు కాదు, ఊదామచ్చయే యని తేలినచో, అప్పుడు శిలీంధ్రనాశినికి అర్థముండును, రైతు నమ్మి సకాలమున కొట్టును. వైరసే యని తేలినచో మిగులుగడ్డలను ఏరివేయుట, నారుమడిని పాతచేనికి దూరముగా పోయుట, గుబలోని పిల్లపురుగును ముందుగా చూచుకొనుట, ఊరంతయు ఒక్కమాటపై రెండు పంటల నడుమ ఎడమిచ్చుట అను పనులు మిగులును. ఈ కడపటిది ఒంటరి రైతు చేయగలది కాదు. పక్కచేని మిగులుగడ్డ తన చేనికి పురుగును పంపుచున్నదని ఋజువు చూపినగాని ఊరు కదలదు. ఆ ఋజువు ప్రయోగశాలనుండి రావలయును.

మరియొక ఆక్షేపణ ఇంతకన్న బలమైనది: పరీక్ష తప్పగును. ఇది నిజము. వేరుసెనగ వైరసులు మొక్క అంతట ప్రాకును గాని, ఐరిస్ ఎల్లో స్పాట్ వైరసు ఉల్లిమొక్క అంతట ప్రాకదు. మచ్చ పడినచోట, దాని చుట్టుప్రక్కల మాత్రము నిలిచి, అదే ఆకులో జానెడు దూరమున లేకపోవచ్చును, గడ్డలో వెదకినచో సాధారణముగా దొరకదు. ఎక్కడినో యొక ఆకుకొన త్రుంచి పంపి, వైరసు లేదన్న కాగితము తెచ్చుకొన్నవాడు తన్ను తాను మోసగించుకొన్నవాడగును. అందుకే యంత్రముకన్న ముందు, నమూనా తీయుట నేర్పవలయును. పూర్తిగా ఎండిన మచ్చ వలదు. క్రొత్తమచ్చ అంచు, అనగా పచ్చదనము ఎండుదనమును తాకుచోటు, దానితోకూడ కోయవలెను. ఒక్క మొక్క చాలదు, చేనికి అడ్డముగా నడచి పది పదునైదు మొక్కలనుండి తీయవలెను. తీసినవానిని ప్లాస్టికు సంచిలో చెమ్మతో మూయరాదు, ఎండలో మోటారుసైకిలు డిక్కీలో నుంచరాదు. ప్రయోగశాల చేరకముందే ఆకు కుళ్ళి ఏ పరీక్షకును పనికిరాకుండ పోవును. పొడికాగితములో చుట్టి, పైన చేను పేరు, విత్తిన దినము, కొట్టిన మందులు వ్రాసి, చల్లని చోటనుంచి, మరునాటిలోగా పంపవలెను.

పొడికాగితమునకై వెదకబనిలేదు. ఆ ముదుసలి ఉల్లిపాయలు కొనితెచ్చిన పొట్లము పాత దినపత్రికయే. ఈ వ్యాసము పడిన పుట కూడ ఎల్లుండికి ఆకులు చుట్టుటకు సరిపోవును. ఆ పొట్లమును కర్నూలు మార్కెట్టుయార్డు గేటునొద్ద చేతికందుకొని, తేదీవేసి, రసీదిచ్చు మనిషి యొకడు మాత్రము ఇంకను కూర్చుండలేదు.